జన ఉన్న చేపలో మంచి కొవ్వు ఎక్కువా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పెంపకం చేపల్లో ఆడ, మగ తేడా చుట్టూనే తిరిగాయి. అందుకే పేజీ అంతా దానికే కేటాయించాం.

ప్రశ్న: పూర్ణా మార్కెట్లో శీలావతి కొనేటప్పుడు జన (చేప గుడ్లు) ఉన్న ఆడ చేపే ఇమ్మని అడుగుతాను. అమ్మే ఆవిడేమో "కండ కావాలంటే మగదే తీసుకోమ్మా" అంటుంది. ఒమేగా-3 కోసం ఏది కొనాలి?
– ఒక గృహిణి, పెదవాల్తేరు

జవాబు: కండ విషయంలో ఆవిడ మాట నిజం, జన విషయంలో మీ మాట నిజం. అయితే రెండూ ఏడాదిలో కొన్ని నెలలకే వర్తిస్తాయి.

శివరాత్రి దాటి చలి తగ్గాక చెరువు నీళ్లు వేడెక్కుతాయి. ఈడొచ్చిన ఆడ శీలావతి కడుపులో జన కట్టడం అప్పుడు మొదలవుతుంది. అండాశయం నుంచి వచ్చే ఈస్ట్రడయాల్ హార్మోను కాలేయాన్ని పనిలోకి దించుతుంది. కాలేయం విటెల్లోజెనిన్ అనే మాంసకృత్తును తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. గుడ్డులోని సొనకు ముడిసరుకు ఇదే. దీని బరువులో అయిదో వంతు దాకా కొవ్వు ఉంటుంది. అందులో ఎక్కువ భాగం ఫాస్ఫోలిపిడ్లు, అంటే కణాల గోడలు కట్టే రకం కొవ్వు. వాటిలో డీహెచ్ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం దండిగా ఉంటుంది. పుట్టబోయే పిల్లకు కళ్లు, మెదడు కట్టుకోవడానికి ఆ డీహెచ్ఏ కావాలి. దాన్ని తల్లి కొంత మేత నుంచి, కొంత తన కాలేయం, పొట్ట కొవ్వు, కండల నుంచి తీసి జనకు పంపుతుంది. వానలు పడి గుడ్లు పెట్టే నాటికి జన బరువు ఒంటి బరువులో అయిదో వంతుకు చేరడం మామూలే. ఆ సమయానికి తల్లి కండ పలచబడిపోతుంది.

మగ చేప ఇంత మోయదు. వృషణాల్లోనూ డీహెచ్ఏ, అరాకిడోనిక్ ఆమ్లం ఉన్న కొవ్వే ఉంటుంది కానీ మొత్తం మీద అది కొద్దిగానే. కాబట్టి మే, జూన్ నెలల్లో ఒకే చెరువు నుంచి, ఒకే బరువుతో వచ్చిన ఆడ, మగ చేపల కండ ముక్కలు పోలిస్తే మగదానిలో కొవ్వు కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. మీరు జన కూడా వండుకుంటారు కాబట్టి ఆడ చేపలోంచి పోయిందేమీ లేదు, చోటు మారిందంతే. జన పారేసే ఇంట్లో మాత్రం అది నష్టమే.

డిసెంబరులో కొంటే ఈ లెక్క వదిలేయండి. కైకలూరు, ఆకివీడు వైపు నుంచి ఐసు పెట్టెల్లో మన ఊరికి వచ్చే కిలో, కిలోన్నర శీలావతుల్లో చాలావాటికి అప్పుడు జన ఉండదు, కొన్నింటికి ఇంకా ఈడే రాదు. వాటిలో ఆడ మగ తేడా కంటే ఏ చెరువుది, ఏ మేత తిన్నది అన్న తేడాయే పెద్దది.

సీజన్లో మగదాన్ని గుర్తుపట్టాలంటే మొప్పల వెనక పక్కన ఉండే రెక్క మీద వేలితో నిమరండి, గరగరలాడుతుంది. ఆడదానికి అదే చోట నున్నగా ఉంటుంది, పొట్ట మెత్తగా ఉబ్బి ఉంటుంది, మలద్వారం చుట్టూ ఎర్రబారుతుంది. పొట్ట మెల్లగా వెనక్కి నొక్కితే పాలలాంటి చుక్క వచ్చిందంటే మగది. ఐసులో రెండు రోజులున్న చేప పొట్ట ఎలాగూ మెత్తబడుతుంది కాబట్టి పొట్టను నమ్మొద్దు, రెక్కను నమ్మండి.

ఇంట్లో ఎవరికైనా కొలెస్ట్రాల్ ఉంటే జన విషయంలో జాగ్రత్త. పచ్చి చేప జన 100 గ్రాములకు అమెరికా ఆహార పట్టికలు ఇచ్చిన కొలెస్ట్రాల్ అంకె 374 మిల్లీగ్రాములు. వారానికొకసారి చిన్న ముక్క చాలు. వండేటప్పుడు జనను నేరుగా నూనెలో వేస్తే పొర చిట్లి గుడ్లన్నీ ఎగిరిపడతాయి. ఉప్పు, పసుపు రాసి పది నిమిషాలు ఆవిరి మీద ఉడికించి, చల్లారాక ముక్కలు కోసి, పెనం మీద రెండు చెంచాల నూనెతో కాల్చండి. బాండీ నిండా నూనెలో ముంచి తీస్తే చేప కొవ్వు మీద వంటనూనె కొవ్వు వచ్చి చేరుతుంది.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఒకే చెరువు నుంచి 5 ఆడ, 5 మగ తిలాపియాలు తెచ్చి కండలోని కొవ్వు ఆమ్లాలు కొలిచాను. ఆడవాటిలో డీహెచ్ఏ 11.8 శాతం, మగవాటిలో 8.1 శాతం వచ్చింది. మొత్తం కొవ్వు ఆడవాటిలో 1.6, మగవాటిలో 3.1 శాతం. "ఆడ తిలాపియాలో డీహెచ్ఏ ఎక్కువ" అని రాయవచ్చా?
– ఒక విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: రాయకండి. మీ అంకెలే అందుకు ఒప్పుకోవు.

మీరు చెప్పిన 11.8 శాతం మొత్తం కొవ్వు ఆమ్లాల్లో డీహెచ్ఏ వాటా. తినేవాడికి కావలసింది 100 గ్రాముల కండలో ఎన్ని మిల్లీగ్రాములు ఉందన్న లెక్క. చేప కొవ్వంతా కొవ్వు ఆమ్లాలే కాదు, గ్లిసరాల్, ఫాస్ఫేటు, కొలెస్ట్రాల్ కూడా కలిసి ఉంటాయి. అందుకని ఒక గుణకం వాడతారు: 0.933 లోంచి, 0.143ను కొవ్వు శాతంతో భాగించగా వచ్చినదాన్ని తీసివేయాలి. మీ ఆడ చేపలకు అది 0.844, మగ చేపలకు 0.887. ఇప్పుడు గుణించండి. ఆడదానికి 1.6 × 0.844 = 1.35 గ్రాములు, అందులో 11.8 శాతం అంటే 159 మిల్లీగ్రాములు. మగదానికి 3.1 × 0.887 = 2.75 గ్రాములు, అందులో 8.1 శాతం అంటే 223 మిల్లీగ్రాములు. శాతంలో ఆడది గెలిచింది, పళ్లెంలో మగది గెలిచింది.

ఎందుకిలా? కండలో రెండు రకాల కొవ్వు ఉంటుంది. ఒకటి కణాల గోడల్లో ఉండే ఫాస్ఫోలిపిడ్. ఇది చేప బలిసినా చిక్కినా పెద్దగా మారదు, డీహెచ్ఏ దీనిలోనే చిక్కగా ఉంటుంది. రెండోది నిల్వ కొవ్వు, అంటే ట్రైగ్లిసరైడ్. చెరువు చేపల్లో ఇందులో పామిటిక్, ఓలియిక్, లినోలియిక్ ఆమ్లాలే ఎక్కువ. చేప బలిసేకొద్దీ నిల్వ కొవ్వు పెరిగి డీహెచ్ఏ వాటా పలచబడుతుంది, చిక్కితే వాటా పెరిగినట్టు కనిపిస్తుంది. చిక్కటి మజ్జిగలో చెంబెడు నీళ్లు పోస్తే పులుపు ఎక్కడికీ పోదు, పలచబడుతుంది. మీరు చూసింది సగానికి సగం అదే.

మిగతా సగం తిలాపియా సంసారం. ఆడ తిలాపియా గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది, పిల్లలు సొన సంచి కరిగి ఈదే దాకా వదలదు. ఆ పది, పన్నెండు రోజులు దాదాపు తిండే ఉండదు. వెచ్చటి నీటిలో నాలుగు నుంచి ఆరు వారాలకోసారి ఇదే తంతు. అందువల్ల కలిపి పెంచిన చెరువులో ఆడవి ఎప్పుడూ సన్నగానే ఉంటాయి. మీరు కొలిచినది "ఆడతనం" కంటే "పస్తు"ను ఎక్కువగా కొలిచి ఉండవచ్చు.

మళ్లీ చేసే వీలుంటే ఈ లోపాలు సరిచేసుకోండి.

అన్నిటికంటే ముందు, ఒకే చెరువు నుంచి తెచ్చిన 5 చేపలు 5 వేరువేరు ప్రయోగాలు కావు. కనీసం మూడు చెరువులు గానీ, మూడు హాపాలు (చెరువులో కట్టే వల గదులు) గానీ ఉండాలి. మగవి పెద్దవి, ఆడవి చిన్నవి అయితే మీరు బరువు తేడానే కొలుస్తున్నట్టు, కాబట్టి ఒకే బరువు తరగతి నుంచి తీసుకోండి. ప్రతి చేపకూ జననాంగం బరువును ఒంటి బరువుతో భాగించి నూటితో గుణించండి. ఈ జీఎస్ఐ లేని ఆడ మగ పట్టికను ఏ పరీక్షకుడూ నమ్మడు, నమ్మకూడదు కూడా. లింగం పైనుంచే చూసి రాస్తే పొరపాటు పడతారు. మలద్వారం వెనకున్న చిన్న మొటిమ మీద మిథిలీన్ బ్లూ అనే నీలి రంగు చుక్క అద్దితే ఆడదానికి అడ్డంగా ఒక చీలిక కనిపిస్తుంది. అంటే మలద్వారంతో కలిపి ఆడదానికి మూడు రంధ్రాలు, మగదానికి రెండు. చివరికి కోసి చూసి ఖాయం చేసుకోండి.

ముక్క ఎక్కడిదన్నది ఇంకో తిరకాసు. పొట్ట గోడ కండలో కొవ్వు ఎక్కువ, తోక దగ్గర తక్కువ. అన్ని చేపలకూ ఎడమ వైపు, వెన్ను రెక్క మొదలు కింద, పక్క గీతకు పైన, తోలు తీసి, ముదురు ఎరుపు కండ ఒలిచేసి 10 గ్రాములు తీయండి. మీ ఉత్తరంలో కండను 105 డిగ్రీల ఓవెన్‌లో ఎండబెట్టి పొడి చేసి, సాక్స్‌లెట్ అనే గాజు పరికరంలో పెట్రోలియం ఈథర్‌తో కొవ్వు తీశానని రాశారు. అసలు తప్పు ఇక్కడే ఉంది. డీహెచ్ఏలో ఆరు జంట బంధాలుంటాయి, ఆ వేడికి గాలిలో అది మొదట పాడవుతుంది. పైగా పెట్రోలియం ఈథర్ నిల్వ కొవ్వును బాగా లాగుతుంది కానీ మాంసకృత్తులను అంటిపెట్టుకున్న ఫాస్ఫోలిపిడ్‌ను పూర్తిగా లాగలేదు. సన్నటి చేపలో ఉన్నదే ఫాస్ఫోలిపిడ్ కాబట్టి నష్టం అటే ఎక్కువ. అంటే మీ 1.6 శాతమే తక్కువ అంకె కావచ్చు.

దానికి బదులు 1957 నాటి ఫోల్చ్ పద్ధతి వాడండి. పచ్చి కండ 1 గ్రాముకు క్లోరోఫాం, మిథనాల్ 2:1 మిశ్రమం 20 మిల్లీలీటర్లు, అందులో కొవ్వు గాలికి చెడకుండా 0.01 శాతం బీహెచ్‌టీ. చల్లగా ఉంచి రుబ్బి, వడకట్టి, మిశ్రమంలో అయిదో వంతు 0.88 శాతం పొటాషియం క్లోరైడ్ ద్రావణం కలిపి, పొరలు విడిపోయాక కింది పొర తీసుకోవాలి. 40 డిగ్రీలు దాటకుండా నైట్రోజన్ కింద ఆరబెట్టాలి. ఈ పనంతా ఫ్యూమ్ హుడ్‌లోనే చేయాలి. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ పరికరంలో కొలిచేందుకు కొవ్వు ఆమ్లాలను మిథైల్ ఎస్టర్లుగా మార్చడానికి మిథనాల్‌లో 1 శాతం గంధకామ్లంతో 50 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచడం నిదానమైన దారి, కానీ నమ్మకమైనది. మిల్లీగ్రాముల్లో చెప్పాలంటే మొదట్లోనే సీ19:0 కొవ్వు ఆమ్లం లాంటి అంతర్గత ప్రమాణాన్ని (పోల్చి లెక్కగట్టడానికి బరువు తెలిసిన పదార్థాన్ని) తూచి కలపాలి. చివర్లో కలిపితే మధ్యలో పోయిన కొవ్వు లెక్కకు రాదు.

చెరువు గట్టు నుంచి ల్యాబుకు ఐసులో తెచ్చి, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టండి. మామూలు ఫ్రిజ్ పైఅరలో నెలరోజులు ఉంచి, కరెంటు పోయి కరిగి మళ్లీ గడ్డకట్టిన నమూనా మీద ఏ పరికరం పెట్టినా దండగే. పాండురంగాపురంలో కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రం ఉంది. పరికరం కోసం మీ గైడు ద్వారా అక్కడ అడిగి చూడవచ్చు.

ప్రశ్న: అనుమతి తీసుకుని మోనోసెక్స్ (అన్నీ మగవే ఉండే) తిలాపియా వేయాలనుకుంటున్నాను. హార్మోనుతో మగవిగా మార్చిన చేపలో కొవ్వు, పుట్టుకతో మగదాని కొవ్వులాగే ఉంటుందా? తినేవాళ్లకు ప్రమాదమా?
– ఒక రైతు, సబ్బవరం

జవాబు: మార్చిన మగదానిలో క్రోమోజోములు ఆడవే ఉండవచ్చు, కానీ గుడ్లు తయారుచేసే పని ఉండదు. చేప కండలో కొవ్వు తగ్గేది ఆ పని వల్ల, నోట్లో పిల్లల్ని సాకే పస్తు వల్ల. ఆ రెండూ లేవు కాబట్టి కొవ్వు విషయంలో అది మగ చేపలాగే నడుచుకుంటుంది. చెరువంతా మగవే ఉంటే ఒకే సైజు వస్తుంది, కొవ్వు కూడా కాస్త ఒకే తీరుగా వస్తుంది. అమ్ముకునేవాడికి అది లాభం.

ఇక హార్మోను గురించి. ఇది హేచరీ పని, చెరువు గట్టు మీద చేసేది కాదు. మేత తినడం మొదలుపెట్టిన, 14 మిల్లీమీటర్లు దాటని పిల్లలకే పనిచేస్తుంది. కిలో మెత్తటి మేతకు 60 మిల్లీగ్రాముల 17-ఆల్ఫా మిథైల్ టెస్టోస్టిరాన్‌ను ఆల్కహాల్‌లో కరిగించి కలిపి, నీడన ఆరబెట్టి, 21 నుంచి 28 రోజులు పెడతారు. గ్లౌజులు, మాస్కు లేకుండా ఆ పొడి ముట్టుకోకూడదు, గర్భిణులు ఆ దరిదాపులకే వెళ్లకూడదు. మీరు చేప అమ్మే నాటికి మందు ఆపి నెలలు గడుస్తాయి. ఒంట్లోకి వెళ్లిన హార్మోను కొద్ది రోజుల్లోనే బయటికి పోతుంది, కాబట్టి తినేవాళ్లు దీని గురించి భయపడనక్కర్లేదు.

మీకు అసలు సమస్య వేరే వస్తుంది. పిల్లల సైజు కలగాపులగంగా ఉంటే పెద్దవి మారవు. మేత ఎండలో ఆరబెడితే హార్మోను చెడుతుంది. తొట్టిలో నాచు, జలపురుగులు ఎక్కువుంటే పిల్లలు అవి తిని మందు మేత వదిలేస్తాయి. నూటికి అయిదు ఆడవి మిగిలినా నాలుగు నెలలకే చెరువులో వేలు లెక్కన బుల్లి పిల్లలు కనిపిస్తాయి, మేత వాటి పాలవుతుంది. పిల్లలు కొనేముందు ఓ వంద పిల్లల జననాంగాలు నలిపి సూక్ష్మదర్శిని కింద చూపించమని హేచరీ వాళ్లను అడగండి. చూపించనంటే వేరే హేచరీ చూసుకోండి.

ప్రశ్న: భీమిలి దగ్గర పండుగప్ప పెంచుతున్నాం. హోటల్ వాళ్లు ఆడవే కావాలంటున్నారు. ఎలా ఏరాలి?
– ఒక ఆక్వా రైతు

జవాబు: ఏరడానికి ఆడవి ఉండవు. పండుగప్ప ముందు మగదిగా ఈడేరుతుంది, కొన్నేళ్లు పెరిగి నాలుగైదు కిలోలయ్యాక ఆడదిగా మారుతుంది. మీరు అమ్మే కిలో, కిలోన్నర చేపలు కుర్ర మగవో, ఇంకా ఈడురానివో. 2007లో మన విశాఖ తీరంలోనే దేశంలో మొదటి సముద్రపు పంజరం దించి కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) వాళ్లు పెంచి చూపించిందీ ఈ చేపనే. అదే సంస్థ విశాఖ కేంద్రం పిల్లలు తీస్తున్న గ్రూపర్ అనే సముద్రపు చేపది దీనికి తలకిందులు: ముందు ఆడ, తర్వాత మగ. హోటల్ వాళ్లకు కొవ్వున్న చేప కావాలంటే లింగం అడగడం మాని, మేతలో చేపనూనె ఎంత వేస్తున్నారో అడగమనండి. పండుగప్ప మొక్కల నూనెలోంచి డీహెచ్ఏను సొంతంగా పెద్దగా తయారుచేసుకోలేదు, నోటికి అందిందే ఒంటికి చేరుతుంది.

ప్రశ్న: ఫంగస్ చేపలో ఆడది మంచిదా, మగది మంచిదా?
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ఎనిమిది, పది నెలలకే కోతకొచ్చే చేప అది. దానికి ఈడు రావడానికి రెండు, మూడేళ్లు పడుతుంది. రెండూ ఒకటే. పొట్టలోని తెల్ల కొవ్వు ముద్ద మాత్రం తీయించేయండి, అందులో ఒమేగా-3 కోసం వెతకడం వృథా.

ప్రశ్న: శీలావతి, బొచ్చెలకు తవుడు, వేరుశనగ చెక్క సంచుల్లో కట్టి పెడుతున్నాం. అవిసె నూనె కలిపితే ఒమేగా-3 పెరుగుతుందని విన్నాను. ఆడవాటికి ఎక్కువ పెరుగుతుందా? ఎంత కలపాలి?
– ఒక చెరువు రైతు, అనకాపల్లి

జవాబు: పెరుగుతుంది, కానీ మీరు అనుకున్న ఒమేగా-3 కాదు. మొక్కల నూనెల్లో ఉండే ఒమేగా-3 లినోలెనిక్ ఆమ్లం. తవుడు నూనెలో అది ఒకటి, రెండు శాతం. వేరుశనగలో లేదనే చెప్పాలి. అవిసె నూనెలో అది సగం పైమాటే. మంచినీటి చేపకు లినోలెనిక్‌ను చేపనూనెలో ఉండే ఒమేగా-3లైన ఈపీఏగా, డీహెచ్ఏగా మార్చే ఎంజైములు ఉన్నాయి, కానీ మారేది కొంతే. తిన్న లినోలెనిక్‌లో ఎక్కువ భాగం అలాగే కండలో చేరుతుంది. పెద్దవాళ్లకు రోజుకు 250 మిల్లీగ్రాముల ఈపీఏ, డీహెచ్ఏ కావాలన్న ఎఫ్‌ఏఓ, డబ్ల్యూహెచ్‌ఓ లెక్కకు మీ శీలావతి కొంత సాయం చేస్తుంది. హార్బర్లో దొరికే నూనె కవళ్లు, కానాగంతలతో మాత్రం పోటీ పడలేదు.

ఆడవాటి విషయానికొస్తే, ఏప్రిల్ తర్వాత పెడితే ఆ ఒమేగాలో కొంత జనలోకి పోతుంది. కండ కోసమే అయితే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టి, జన కట్టకముందే పట్టేయండి. అమ్మడానికి ముందు ఆరు నుంచి ఎనిమిది వారాలు చాలు. ఏడాదంతా పెట్టడం డబ్బులు నీళ్లలో పోయడమే. పాత కొవ్వు ఎక్కడికీ పోదు, కొత్త కొవ్వు వచ్చి కలుస్తుందంతే. ఒంట్లో కొవ్వు రెట్టింపయితే పాత కొవ్వు వాటా సగం అవుతుంది. అందుకే ఆ వారాల్లో చేప పెరగాలి. చలికి మేత తీసుకోని రోజుల్లో నూనె పోసినా మార్పు కనిపించదు.

సంచి మేతలో నూనె కలపకండి. రంధ్రాల్లోంచి నూనె ముందే కారి నీటి మీద తెట్టు కడుతుంది, చేపకు చేరేది తక్కువ. గుళికల మేతకు పట్టించండి. 100 కిలోల గుళికలకు 2 కిలోల నూనె, అంటే సుమారు రెండుంబావు లీటర్ల లోపు. నీడలో టార్పాలిన్ మీద గుళికలు పరిచి, చేతి స్ప్రేయర్‌తో సన్నగా కొడుతూ తిరగేయండి. అరగంట పీల్చుకోనిచ్చి వాడండి. కిలో మేతకు 100 నుంచి 200 మిల్లీగ్రాముల విటమిన్ ఇ కలిపితే నూనె త్వరగా చెడదు. రెండు, మూడు రోజులకు సరిపడా మాత్రమే కలుపుకోండి. మేత పెయింటు వాసన కొడితే నూనె చెడినట్టే, ఆ మేత పెడితే కాలేయం పాడవుతుంది, చేప మేత వదిలేస్తుంది.

అవిసె నూనె అంటిన గోనెసంచులు, గుడ్డలు షెడ్డులో కుప్పగా పడేయకండి. గాలి తగిలేకొద్దీ ఆ నూనె లోలోపల వేడెక్కి, నిప్పు లేకుండానే కుప్ప అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి.